ఈస్ట్‌హామ్ ఇల్లు, అయిదుగురు స్టూడెంట్లు: కౌన్సిల్ లైసెన్సు తీసుకోవాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో మూడు బెడ్‌రూముల టెర్రస్ ఇల్లు (పక్కిళ్ళతో గోడలు కలిసి వరసగా ఉండే ఇల్లు) కొన్నారు. కింద ఉన్న ముందు గదిని కూడా బెడ్‌రూమ్ చేసి, మన తెలుగు స్టూడెంట్లు అయిదుగురికి గదుల లెక్కన అద్దెకి ఇద్దామనుకుంటున్నారు. ఒక గదిలో ఇద్దరు సర్దుకుంటారు. కౌన్సిల్ లైసెన్సు కావాలని ఏజెంట్ అన్నాడు. "అదంతా కౌన్సిల్ డబ్బు గుంజే ఎత్తు, అడిగినప్పుడు చూసుకుందాంలే" అని స్నేహితులు అన్నారు. ఎవరి మాట వినాలి?

ఏజెంట్ చెప్పిందే నిజం, కాకపోతే సగమే చెప్పాడు. మీకు కావలసింది ఏ లైసెన్సో చెప్పలేదు, దానితోపాటు వచ్చే ప్లానింగ్ తలనొప్పి సంగతి అసలు ఎత్తలేదు. నేను తూర్పు లండన్‌లో అద్దె ఇళ్ళు చూసుకునే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. మనవాళ్ళు ఇల్లు కొన్నాక అడిగే ఈ ప్రశ్న, కొనకముందే అడిగితే ఎంత బాగుండు అనిపిస్తుంది.

ఏ లైసెన్సు కావాలో తేల్చేది ఇంట్లో ఎవరుంటారన్న సంగతే. అదే ఇల్లు, అవే గదులు. ఒక కుటుంబం ఉంటే ఒక రకం, ముగ్గురు స్నేహితులు ఉంటే రెండో రకం, అయిదుగురైతే మూడో రకం. ఇంగ్లండ్‌లో ఈ మూడూ 2004 హౌసింగ్ యాక్ట్ నుంచి వచ్చినవే, 2006 నుంచి అమల్లో ఉన్నాయి. అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది, ఒకే కుటుంబం కానివాళ్ళు, వంటిల్లో బాత్రూమో కలిసి వాడుకుంటూ ఉంటే తప్పనిసరి హెచ్‌ఎంఓ లైసెన్సు (హెచ్‌ఎంఓ అంటే హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్, వేర్వేరు కుటుంబాలవాళ్ళు కలిసుండే ఇల్లు). దేశంలో ఏ కౌన్సిల్ అయినా ఇది ఉంటుంది. ఇదివరకు ఇల్లు మూడంతస్తులైతేనే ఇది వర్తించేది. 2018 అక్టోబరు 1న ఆ అంతస్తుల షరతు తీసేశారు. "మాది రెండంతస్తులే, మాకు అక్కర్లేదు" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళు ఆ పాత రూలు పట్టుకుని ఉన్నారు. ముగ్గురు నలుగురు వేర్వేరు మనుషులుంటే అడిషనల్ లైసెన్సు. అది కౌన్సిల్ పెట్టుకుంటేనే ఉంటుంది, ఈస్ట్‌హామ్ ఉన్న న్యూహామ్ కౌన్సిల్ పెట్టుకుంది. ఒక కుటుంబమో, ఒక్కరో, లేదా ఇద్దరు స్నేహితులో ఉంటే సెలెక్టివ్ లైసెన్సు. ఇదీ కౌన్సిల్ ప్రకటించిన ప్రాంతాల్లోనే.

కుటుంబం అంటే ఎవరన్నది కూడా చట్టమే చెప్తుంది. భార్యాభర్తలు, కలిసి బతికే జంటలు, తల్లిదండ్రులు, పిల్లలు, తాత బామ్మలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బాబాయిలు, పిన్నులు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, కజిన్లు. జంటలో ఒకరి తరఫు చుట్టం ఇంకొకరికీ చుట్టమే, కాబట్టి బావమరిది ఉన్నా అది ఒకే కుటుంబం కిందే లెక్క. కానీ ఒకే కాలేజీలో చదివిన అయిదుగురు గుంటూరు అబ్బాయిలు ఎంత "అన్నా, తమ్ముడూ" అనుకున్నా అయిదు కుటుంబాలే. ఒకే అగ్రిమెంటు మీద అందరూ సంతకం పెట్టినా ఈ లెక్క మారదు. "జాయింట్ టెనెన్సీ రాసేస్తే హెచ్‌ఎంఓ కాదన్నా" అనే సలహా తరచుగా వింటుంటాను. అది ఉత్త మాట.

కాబట్టి మీ ప్లాన్ ప్రకారం అయిదుగురు చేరితే మీకు కావలసింది తప్పనిసరి హెచ్‌ఎంఓ లైసెన్సు. అయితే దానికన్నా ముందు ఇంకో గోడ ఉంది. మామూలు ఇంటిని ముగ్గురి నుంచి ఆరుగురు వేర్వేరు మనుషులుండే ఇల్లుగా మార్చడానికి ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. కానీ ఆర్టికల్ 4 అనే ఉత్తర్వు ఉన్న చోట కావాలి, న్యూహామ్‌లో ఆ ఉత్తర్వు ఉంది. మూడు బెడ్‌రూముల ఇళ్ళు కుటుంబాలకే మిగలాలన్నది ఆ కౌన్సిల్ విధానం కాబట్టి పర్మిషన్ అంత తేలిగ్గా రాదు. లైసెన్సు ఇచ్చే విభాగం వేరు, ప్లానింగ్ వేరు. ఒకరి దగ్గర లైసెన్సు వచ్చింది కదా అని ఇంకొకరు ఊరుకోరు. ఇది తెలియక అప్పు చేసి తలుపులు మార్చి, గదులు విడగొట్టి, ఆ తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు అందుకునేవాళ్ళు ఉంటారు.

ఇక న్యూహామే ఇంత పట్టుదలగా ఎందుకుంది అంటే, దానికో చరిత్ర ఉంది. 2004లో ఈ చట్టం రాసినప్పుడు సెలెక్టివ్ లైసెన్సు ఉద్దేశించింది ఉత్తర ఇంగ్లండ్‌లో జనం వదిలేసిపోతున్న వీధుల కోసం. అక్కడ చవగ్గా ఇళ్ళు కొని, ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చి, పట్టించుకోని ఓనర్ల వల్ల వీధులే పాడవుతున్నాయని. తూర్పు లండన్ బాధ దానికి పూర్తిగా ఎదురు. ఇక్కడ ఇళ్ళకి డిమాండ్ మరీ ఎక్కువ. గదికి నాలుగు పరుపులు, పెరట్లో షెడ్డు కట్టి అందులో మనుషులు. న్యూహామ్ 2010లో లిటిల్ ఇల్‌ఫర్డ్‌లో చిన్నగా మొదలుపెట్టి, 2013 జనవరి 1 నుంచి బరో (తన పరిధిలోని ప్రాంతం) మొత్తానికీ సెలెక్టివ్ లైసెన్సు పెట్టింది. ఇంగ్లండ్‌లో అలా చేసిన మొదటి కౌన్సిల్ అదే. ఒక ప్రకటన అయిదేళ్ళకి మించి చెల్లదు కాబట్టి 2018లో మళ్ళీ తెచ్చారు, 2023 జూన్ 1న ఇంకోసారి. స్ట్రాట్‌ఫర్డ్ ఒలింపిక్ పార్క్, రాయల్ విక్టోరియా వార్డులు తప్ప మిగతా అంతటా ఉంది. స్కీము మారినప్పుడల్లా కొత్తగా అప్లై చేయాలి. పాత లైసెన్సు గడువు చూసుకోకుండా ఊరుకుని దొరికిపోయే ఓనర్లకి కొదవలేదు.

ఇది న్యూహామ్ ఒక్కదాని కథే అనుకోకండి. లివర్‌పూల్ 2015లో నగరమంతా పెట్టింది, పొడిగించడానికి 2020లో ప్రభుత్వం ఒప్పుకోలేదు, 2022లో పదహారు వార్డులకి మళ్ళీ తెచ్చుకుంది. అప్పట్లో బరోలో 20 శాతానికి మించిన ప్రాంతానికో, అద్దె ఇళ్ళకో పెట్టాలంటే మంత్రి అనుమతి కావాలి. 2024 డిసెంబరు 23 నుంచి ఆ అనుమతి అవసరం లేకుండా చేశారు. పది వారాలు జనాభిప్రాయం తీసుకుంటే చాలు. కాబట్టి హౌన్‌స్లోలోనో లెస్టర్‌లోనో ఇల్లున్నవాళ్ళు కూడా ఏటా ఒకసారి తమ కౌన్సిల్ పేజీ చూసుకోవడం మంచిది. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ ఓనర్లందరికీ రిజిస్ట్రేషన్ ఉంది.

ఇప్పుడు మీ స్నేహితుల "అడిగినప్పుడు చూసుకుందాం" దగ్గరికి వద్దాం. వాళ్ళు భయపడేది కౌన్సిల్ ఆఫీసర్ తలుపు కొడతాడని. కొడతారు కూడా. లైసెన్సు లేకుండా అద్దెకివ్వడం నేరం. కోర్టుకి వెళ్తే జరిమానాకి పై పరిమితి లేదు. కోర్టుకి వెళ్ళకుండానే కౌన్సిల్ తనే 30,000 పౌండ్ల వరకు పెనాల్టీ వేసే అధికారం 2017లో వచ్చింది, 2025 నాటి రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని 40,000కి పెంచింది. అయినా నాకు ఇంతకన్నా పెద్ద టెన్షన్ ఇంట్లో ఉన్నవాళ్ళ గురించే.

రెంట్ రీపేమెంట్ ఆర్డర్ అని ఒకటుంది. లైసెన్సు లేని ఇంట్లో ఉన్న టెనెంట్, ఇళ్ళ తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్ళి తను కట్టిన అద్దె వెనక్కి అడగొచ్చు. ఏడాది అద్దె వరకు ఇప్పించే వీలుండేది, కొత్త చట్టం దాన్ని రెండేళ్ళకి పెంచింది. మీ లెక్కే తీసుకుందాం. తలకి నెలకి 600 పౌండ్లు అనుకుంటే అయిదుగురికి 3,000, ఏడాదికి 36,000. రెండేళ్ళయితే 72,000. ట్రిబ్యునల్ ప్రతిసారీ మొత్తం ఇప్పించదు. అద్దెలో కలిసి ఉన్న గ్యాస్, కరెంటు ఖర్చు తీసేసి, ఇల్లు ఎలా ఉంది, మీరు ఎలా నడుచుకున్నారు, టెనెంట్ ఎలా ఉన్నాడు అన్నవి చూసి శాతం వేస్తుంది. అందులో సగం పోయినా మీ లాభమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

"మన పిల్లలే కదా, మన మీద కేసు వేస్తారా?" అంటారు. డిపాజిట్ దగ్గర గొడవ వచ్చినరోజు వేస్తారు, వెయ్యడం వాళ్ళ హక్కు కూడా. లైసెన్సులున్న ఇళ్ళ జాబితా కౌన్సిల్ అందరికీ కనిపించేలా ఉంచాలని చట్టం. మీ ఇల్లు అందులో లేదని తెలుసుకోవడానికి ఫోన్‌లో రెండు నిమిషాలు చాలు. ఇల్లు ఖాళీ చేశాక కూడా అడగొచ్చు, లైసెన్సు లేకుండా గడిచిన కాలం దాటాక రెండేళ్ళలోపు అప్లై చేస్తే సరి, ఇదివరకు ఏడాదే ఉండేది. మొన్నటిదాకా లైసెన్సు లేని ఓనర్ సెక్షన్ 21 నోటీసు (కారణం చెప్పకుండా ఖాళీ చేయమనే నోటీసు) ఇచ్చి ఖాళీ చేయించడానికీ లేదు. 2026 మే 1 నుంచి ఆ సెక్షనే లేదనుకోండి. నాకు తెలియదు అన్నా, ఏజెంట్ చూసుకుంటాడనుకున్నా అన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. లైసెన్సు సంగతి చూసే బాధ్యత ఏజెంట్‌దని అగ్రిమెంట్‌లో రాసి ఉందా, ఆ ఏజెంట్‌ని నమ్మడానికి కారణమేంటి, మీరే తెలుసుకోలేకపోవడానికి అడ్డమేంటి అని 2022 నుంచి ట్రిబ్యునల్ మూడు ప్రశ్నలు వేస్తోంది. లండన్‌లో ఉంటూ మూడోదానికి జవాబు చెప్పడం కష్టం.

ఇందులో ఒక మంచి మాట ఉంది, చాలామందికి తెలియదు. లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, కానీ అన్నీ సరిగ్గా నింపి, ఫీజు కట్టి అప్లై చేసిన రోజు నుంచే మీకు రక్షణ ఉంటుంది. టెనెంట్లు అడుగుపెట్టే ముందురోజు అప్లికేషన్ పూర్తిచేసి, రసీదు మెయిల్ దాచుకోండి. సగం నింపి వదిలేసిన అప్లికేషన్ లెక్కలోకి రాదు. ఇంటితోపాటు పాత ఓనర్ లైసెన్సు కూడా వచ్చిందనుకోవద్దు. అది మనిషి పేరు మీద ఉంటుంది, కొన్నవాళ్ళకి బదిలీ కాదు.

అప్లికేషన్‌లో మనవాళ్ళు తడబడేది మార్ట్‌గేజ్ దగ్గర. "నేను ఈ ఇంటికి లైసెన్సు అడుగుతున్నాను" అని అప్పిచ్చిన బ్యాంకుకి మీరే రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పినట్టు అప్లికేషన్‌లో డిక్లేర్ చేయాలి. మీరు ఉంటానని చెప్పి రెసిడెన్షియల్ మార్ట్‌గేజ్ తీసుకుని ఉంటే సంగతి అక్కడే బయటపడుతుంది. అద్దెకివ్వడానికని ఇచ్చే బై-టు-లెట్ అప్పు తీసుకున్నా చాలా బ్యాంకులు హెచ్‌ఎంఓకి ఒప్పుకోవు, ఒక కుటుంబానికే అని షరతు పెడతాయి. ఇంటి ఇన్సూరెన్సూ అంతే. మీ ఆఫర్ లెటర్ తీసి ఆ ఒక్క షరతు ఈరోజే చదవండి. లైసెన్సు తీసుకోకుండా తిరిగేవాళ్ళలో కొంతమంది అసలు భయం ఫీజు కాదు, ఇదే.

ఆఫీసర్ ఇంటికొచ్చి ఏం చూస్తాడో కూడా చెప్తాను, ఎందుకంటే మనం ఊహించేది ఒకటి, వాళ్ళు చూసేది ఒకటి. మనవాళ్ళు ఇల్లు తళతళలాడేలా కడిగి, అగరుబత్తి వెలిగించి ఎదురుచూస్తారు. ఆయన వచ్చీ రాగానే వీధి తలుపుకి లోపలివైపు తాళం చూస్తాడు. నిప్పంటుకుంటే తాళంచెవి వెతుక్కోకుండా చేత్తో తిప్పి బయటపడేలా ఉండాలి. తర్వాత లేజర్ మీటరు తీసి మేడ మీది చిన్న గది కొలుస్తాడు. ఈస్ట్‌హామ్ పాత టెర్రస్ ఇళ్ళలో మెట్ల పైన ముందువైపు ఉండే బాక్స్ రూమే చాలామందిని ముంచేది. పదేళ్ళు దాటిన ఒక మనిషి పడుకోవాలంటే 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 ఉండాలి. ఇంటి కప్పు కిందుండే లాఫ్ట్ గదిలో పైకప్పు ఎత్తు మీటరున్నర కన్నా తక్కువున్న చోటు లెక్కలోకి రాదు. 2.6 మీటర్ల పొడవు, 2.1 వెడల్పు ఉన్న బాక్స్ రూమ్ 5.46 దగ్గరే ఆగిపోతుంది. అందులో మంచం పడుతుంది, టేబుల్ పడుతుంది, మనిషి మాత్రం చట్టప్రకారం పట్టడు. పైగా ఇవి చట్టం చెప్పే కనీస కొలతలు మాత్రమే. హాలు లేకుండా దాన్నీ పడకగది చేస్తే ఇంకా పెద్ద గదులు అడిగే కౌన్సిళ్ళున్నాయి. ఏ గదిలో ఎంతమందో లైసెన్సులోనే రాసిస్తారు. మీ ప్లాన్‌లో ఇద్దరు సర్దుకునే గది ఏదో ముందు కొలుచుకోండి.

తర్వాత వంటిల్లు. మనిళ్ళలో తాలింపు వేస్తే చాలు, అలారం ఇల్లంతా గోల చేస్తుంది. దాంతో స్టూడెంట్లు దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసేస్తారు. ఆఫీసర్ తలెత్తగానే కనపడేది ఆ కవరే, బాధ్యత మాత్రం మీది. వంటింట్లో పొగకి మోగేది కాకుండా వేడికి మోగే అలారం పెట్టించండి. పొగ అలారం ప్రతి అంతస్తులో ఉండాలి, హాలులో, మెట్ల దగ్గర పెట్టించండి. గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం 2022 అక్టోబరు నుంచి తప్పనిసరి. హెచ్‌ఎంఓ అయితే ఇంకా ఉంటాయి. వాటంతటవే మూసుకునే ఫైర్ డోర్లు, కరెంటుకి కలిపి ఒకటి మోగితే అన్నీ మోగే అలారాలు. ఈ తలుపులకి, ఎలక్ట్రీషియన్‌కి అయ్యే ఖర్చుతో పోలిస్తే లైసెన్సు ఫీజు చిన్నదే. కాగితాల్లో ఏటా గ్యాస్ సేఫ్ సర్టిఫికెట్, అయిదేళ్ళకోసారి కరెంటు రిపోర్టు, ఇంధన రేటింగ్ కనీసం 'E' గ్రేడు, డిపాజిట్‌ని ముప్ఫై రోజుల్లో స్కీములో పెట్టిన రుజువు ఉంచుకోండి. ఇవి లైసెన్సు ఉన్నా లేకున్నా కావలసినవే.

ఇక "డబ్బు గుంజే ఎత్తు" సంగతి. ఫీజు కొన్ని వందల పౌండ్లు, హెచ్‌ఎంఓకి ఇంకా ఎక్కువ, కౌన్సిల్‌ని బట్టి మారుతుంది. ఆ డబ్బు లైసెన్సు స్కీము నడపడానికే వాడాలి. రెండు భాగాలుగా తీసుకోవాలని రిచ్‌మండ్ కౌన్సిల్ కేసులో హైకోర్టు 2018లో చెప్పింది. అప్లికేషన్ చూడటానికి మొదటి భాగం, లైసెన్సు ఇచ్చేటప్పుడు రెండో భాగం. నా ఫిర్యాదు వేరే. ఫీజు కట్టేది ఎలాగూ నియమంగా ఉండే ఓనర్లే. పెరట్లో షెడ్డు అద్దెకిచ్చేవాడు అప్లికేషనే పెట్టడు. ఇన్‌స్పెక్షన్లు చేసే కౌన్సిల్‌లో ఈ లైసెన్సు పనిచేస్తుంది, సర్టిఫికెట్లు ఫైల్ చేసుకుని ఊరుకునే కౌన్సిల్‌లో అది ఇంకో పన్ను. న్యూహామ్ మాత్రం మొదటి నుంచీ తిరిగి చూసే రకం, కేసులు పెట్టే రకం. అక్కడ "ఎవరూ రారు" అనుకుని దిగొద్దు.

మీకు ఈపాటికే ఎవరో ఒకరు ఫోన్ చేసి ఉంటారు: "ఇల్లు నాకివ్వండి, నెలనెలా గ్యారంటీ రెంట్ ఇస్తా, లైసెన్సులన్నీ నేనే చూసుకుంటా" అని. అతను మీ దగ్గర 2,000కి తీసుకుని, లోపల ఎనిమిది మందిని పెట్టి 4,000 వసూలు చేస్తాడు. 2023లో సుప్రీంకోర్టు, అద్దె వాపసు ఆర్డరు టెనెంట్‌కి నేరుగా ఇల్లిచ్చిన ఆ మధ్యవాడి మీదే వేయాలి, పైనున్న అసలు ఓనర్ మీద కాదు అని తీర్పిచ్చింది. ఓనర్లు ఊపిరి పీల్చుకున్నారు. 2025 నాటి కొత్త చట్టం ఆ తీర్పుని పక్కకి నెట్టి పై ఓనర్‌నీ లోపలికి లాగింది. మధ్యవాడు కంపెనీ మూసేసి మాయమైతే మిగిలేది మీరే. ఈ బేరం వద్దే వద్దు.

ఇంతకీ మీరేం చేయాలి? నా సలహా అడిగితే, ఈ ఇంటికి అయిదుగురు స్టూడెంట్ల ప్లాన్ వదిలేయండి. మూడు బెడ్‌రూముల ఇల్లు, హై స్ట్రీట్ నార్త్‌కి దగ్గర. పిల్లలున్న ఉద్యోగస్తుల కుటుంబం దొరకడం కష్టం కాదు. అద్దె గదుల లెక్క కన్నా నెలకి కొన్ని వందలు తగ్గుతుంది. కానీ ప్లానింగ్ గొడవ ఉండదు, ఫైర్ డోర్లు అక్కర్లేదు, బాక్స్ రూమ్‌లో చిన్నపిల్లాడు పడుకుంటాడు, బ్యాంకు షరతుకీ సరిపోతుంది. సెలెక్టివ్ లైసెన్సు ఒక్కటి చాలు. స్టూడెంట్లకే ఇవ్వాలని ఉంటే ఇద్దరికే ఇవ్వండి, అప్పుడూ సెలెక్టివ్ లైసెన్సే. మీరే ఆ ఇంట్లో ఉంటూ ఇద్దరిని లాడ్జర్లుగా పెట్టుకుంటే అదీ అక్కర్లేదు. మీ తమ్ముడి కుటుంబానికిచ్చి, వాళ్ళకి అదే సొంత నివాసమైతే దానికీ మినహాయింపు ఉంది, కౌన్సిల్ అడిగితే చుట్టరికం చూపించే కాగితాలు దగ్గర పెట్టుకోండి.

ఇప్పటికే ఎవరికైనా మాట ఇచ్చి, సెప్టెంబరు ఇన్‌టేక్ పిల్లల దగ్గర డబ్బు తీసుకుని ఉంటే ఇది చూడండి. 2026 మే 1 నుంచి కొత్త అగ్రిమెంట్లకి నెల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆరు నెలలది ఒకేసారి కట్టించుకునే పాత పద్ధతి చెల్లదు. టెనెంట్లు ఇప్పటికే చేరిపోయి ఉంటే మాత్రం కుటుంబమా, స్టూడెంట్లా అన్న ఆలోచన తర్వాత. లోపల ఎంతమంది ఉన్నారో అదే సంఖ్యకి తగ్గ లైసెన్సుకి ఈరోజే అప్లై చేయండి. అద్దె వాపసు లెక్క పెరగడం అప్లై చేసిన రోజుతో ఆగుతుంది. ఇల్లు అమ్మేద్దామనో, త్వరలో ఖాళీ చేయిద్దామనో అనుకుంటే కౌన్సిల్‌కి రాసి మూడు నెలల తాత్కాలిక మినహాయింపు అడగొచ్చు, ప్రత్యేక పరిస్థితి ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. అదీ అడిగితేనే ఇస్తారు.

బాక్స్ రూమ్ కొలత, ఆఫర్ లెటర్‌లో అద్దె గురించి రాసిన వాక్యం, ఈ రెండూ చెప్పండి. అప్లికేషన్‌లో ఏ పేజీలో ఏం రాయాలో అప్పుడు చెప్తాను.